పల్లెలో, ఇంటి దగ్గరే స్నేహితుల పెళ్ళి: పని భుజాన వేసుకునేవాళ్ళకి సమగ్ర మార్గదర్శి

పల్లెలో, సొంత ఇంటి దగ్గరే, మనవాళ్ళ చేతులమీదే పెళ్ళి చేసుకుంటామని స్నేహితులు చెప్పగానే అందరూ అనే మాట ఒకటుంది: "ఏం కావాలన్నా అడగండి." ప్రేమగా అన్నదే. కానీ ఆ మాటతో బరువు పెళ్ళిజంట నెత్తిమీదే ఉండిపోతుంది. ఏం కావాలో వాళ్ళే ఆలోచించాలి, ఎవర్ని అడగాలో వాళ్ళే తేల్చుకోవాలి, అడిగాక అయిందో లేదో వాళ్ళే ఆరా తీయాలి. అలా కాకుండా "నీళ్ళ సంగతి నాది, ఇక మీరు మర్చిపోండి" అనే మనిషి ఒక్కరు దొరికితే పెళ్ళిలో సగం బెంగ తీరినట్టే.

ఈ వ్యాసం అలాంటి మనిషి కోసం. పని సరిగ్గా జరిగిందా లేదా అని చూసుకోవడానికి గుర్తు ఒకటే: పెళ్ళిరోజు తెల్లారినప్పటినుంచి ఆ ఇద్దరి దగ్గరికి ఎవరూ వచ్చి "అదెక్కడ పెట్టారు?", "ఇప్పుడేం చేద్దాం?" అని అడగకూడదు. లెక్కలు తేలిగ్గా ఉండటానికి అంతటా వందమంది అతిథులు అనుకుందాం.

1. పనులు పంచుకోండి, ఒక్కో పనికి ఒక్కరే యజమాని

అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళయితే మోసేవాళ్ళెవరు? ఇంటి పెళ్ళిలో ఈ తగువు రాకుండా ఉండాలంటే కనీసం మూడు నెలల ముందే ఓ పూట కూర్చుని పనుల్ని విడగొట్టాలి. నీళ్ళు-మరుగుదొడ్లు, కరెంటు-దీపాలు, వంట-వడ్డన, కూర్చునే ఏర్పాట్లు, దారి-పార్కింగ్, పూలు-అలంకరణ, మైకు-సంగీతం, పిల్లలు-పెద్దవాళ్ళు, చివరగా శుభ్రత. ఒక్కో పనికి ఎంతమందైనా చేతులు వెయ్యొచ్చు, పేరు మాత్రం ఒక్కరిదే ఉండాలి. "మేమిద్దరం చూసుకుంటాం" అన్న పని తరచూ ఇద్దరూ చూడని పనిగా మిగులుతుంది.

వీళ్ళందరి పైన ఒక పెద్దదిక్కు కావాలి. ఆ మనిషి వంట చెయ్యకూడదు, బల్లలు మోయకూడదు. ఫోను చేతిలో పెట్టుకుని తిరగడమే అతని పని, లేదా ఆమె పని. పెళ్ళిజంట ఫోన్లు రెండూ ముందురోజు రాత్రే ఈ మనిషి చేతికి వెళ్ళాలి. దారి తప్పిన చుట్టం, ఆలస్యమైన టెంటు బండి, కుర్చీలు తక్కువ తెచ్చిన డ్రైవరు, అందరికీ జవాబు ఒక్క చోటే దొరుకుతుంది.

ఈ పనికి బాగా దగ్గరి స్నేహితుణ్ణి పెట్టకండి. పెళ్ళి తంతు జరుగుతుంటే పక్కన నిలబడి కళ్ళనిండా చూడాల్సిన మనిషి గేటు దగ్గర టెంటువాళ్ళతో మాట్లాడుతూ ఉండిపోతాడు. కాస్త దూరపు స్నేహితులే దీనికి మెరుగు.

డబ్బు సంగతి కూడా ఆ పూటే తేల్చుకోవాలి. ఎవరి చేతిమీదుగా ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చు, రసీదులు ఎక్కడ పడాలి, అడ్వాన్సులు ఎవరివ్వాలి. ఒక్క నోటు పుస్తకం చాలు, అందులో రాయకుండా పైసా కదలకూడదు. స్నేహం చెడేది పెద్ద మొత్తాల దగ్గర కాదు, "అది నేనిచ్చాను కదా" అన్న చిన్న మొత్తాల దగ్గరే.

పెళ్ళి నమోదు, సాక్షులు, ముందస్తు నోటీసు వంటివి ఒక్కో దేశంలో ఒక్కో తీరు. కొన్నిచోట్ల తంతు ఎక్కడ జరగాలి, ఎవరు జరిపించాలి అన్నదానిపైనా నియమాలుంటాయి. తేదీ అందరికీ చెప్పేలోపే ఆ ఆఫీసులో అడిగి రావడం మంచిది.

2. స్థలాన్ని పెళ్ళి జరిగే గంటలోనే చూడండి

పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూసిన పెరడు మధ్యాహ్నం మూడింటికి ఎలా ఉంటుందో తెలియదు. తంతు సాయంత్రం అయిదింటికైతే అదే వేళకి వెళ్ళి నిలబడండి. ఎండ ఎవరి కళ్ళలో పడుతుంది, నీడ ఎటు జరుగుతోంది, గాలి ఎటునుంచి వస్తోంది, పక్కన పశువుల కొట్టం ఉంటే వాసన ఎటు పోతోంది, అన్నీ అప్పుడే తెలుస్తాయి. అతిథుల ముఖాన ఎండ పడకూడదు, జంట వెనక నుంచి నేరుగా వెలుగు రాకూడదు. రెండోది ఫొటోల కోసం.

నేలను చూసేటప్పుడు కాస్త మొండిగా ఉండండి. ఒక బకెట్ నీళ్ళు ఒకే చోట కుమ్మరించి చూస్తే నేల ఇంకిస్తుందా, పల్లం ఎటుందో తెలిసిపోతుంది. చక్రాల కుర్చీ వాడేవాళ్ళకి, చేతికర్ర పట్టుకునే పెద్దవాళ్ళకి బండి దిగిన చోటు నుంచి కుర్చీ దాకా గట్టి దారి ఉండాలి. లేకపోతే ప్లైవుడ్ చెక్కలు పరిచి దారి చెయ్యాలి. బావి, చెరువు, కాలువ, గడ్డివాము, పురుగుమందుల గది, ఇవన్నీ ఊరివాళ్ళకి అలవాటైన వస్తువులు. పట్నం నుంచి వచ్చిన పిల్లలకి మాత్రం ఆటస్థలాలు. బావికి మూత, చెరువు వైపు కంచె, మందుల గదికి తాళం. తాడు కట్టి వదిలేస్తే పిల్లలు దాని కిందినుంచి దూరతారు.

గడ్డి కోయడం పెళ్ళికి నాలుగైదు రోజుల ముందు పెట్టుకుంటే కోసిన మోళ్ళు మెత్తబడతాయి, ఎండిన చెత్త ఊడ్చెయ్యడానికీ వ్యవధి ఉంటుంది. పాత టైర్లు, కుండీ పళ్ళేలు, పగిలిన తొట్లలో నిలిచిన నీళ్ళని మాత్రం అంతకన్నా ముందునుంచే పారబోయించాలి. దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కాబట్టి రెండు వారాల ముందు మొదలుపెట్టి వారానికోసారి పారబోస్తే పెళ్ళినాటికి తేడా కనిపిస్తుంది.

3. నీళ్ళు, మరుగుదొడ్లు

ఎవరూ మెచ్చుకోని పని ఇదే, అది తప్పితే అందరూ గుర్తుపెట్టుకునే పనీ ఇదే. అలంకరణకు పెట్టే శ్రద్ధలో సగం ఇక్కడ పెట్టినా పెళ్ళి బాగా జరిగిందంటారు.

పల్లె ఇంటి ఏర్పాట్లు అయిదారుగురికి సరిపడేలా ఉంటాయి. వందమంది ఒక్క పూటలో రెండేసి సార్లు వెళ్ళి, ఒక్కో ఫ్లష్‌కి 6 లీటర్లు పోయినా 1,200 లీటర్లు. పాత ఫ్లష్ ట్యాంకులైతే ఒక్కోసారికి 9 లీటర్లు లేదా ఇంకా ఎక్కువే తాగేస్తాయి. ఇంటి పైన ట్యాంకు ఎంత, మోటారు ఎంతసేపట్లో నింపుతుంది, కరెంటు పోతే సంగతేంటి అన్నది ముందే లెక్క వెయ్యాలి. సెప్టిక్ ట్యాంకు ఎప్పుడు తీయించారో ఇంటివాళ్ళకి గుర్తు లేకపోతే తీయించాల్సిన వేళ వచ్చిందనే అర్థం. రెండు మూడు వారాల ముందే ఆ పని అయిపోవాలి. ట్యాంకు మీద బండ్లు నిలపకుండా చుట్టూ ముగ్గుపిండో సున్నమో గీయించండి.

ఎన్ని మరుగుదొడ్లు? విపత్తు శిబిరాల కోసం సహాయ సంస్థలు వాడే స్ఫియర్ ప్రమాణాలు మొదటి రోజుల్లో 50 మందికి ఒకటి, తర్వాత 20 మందికి ఒకటి అంటాయి. పెళ్ళి విపత్తు కాదు, అయినా లెక్క అక్కడినుంచి అరువు తెచ్చుకోవచ్చు. నాలుగైదు గంటల వేడుకలో వందమందికి రెండు ఉంటే క్యూ తప్పదు, మూడు ఉంటే ఊపిరి ఆడుతుంది, నాలుగు ఉంటే ఎవరూ ఆ మాటే ఎత్తరు. ఒకటైనా మెట్లు లేకుండా, వెడల్పు తలుపుతో పెద్దవాళ్ళకు వీలుగా ఉండాలి. రాత్రి దారిలోనూ లోపలా దీపం, సబ్బు, చేతులు తుడుచుకోవడానికి కాగితం, మూత ఉన్న చెత్తబుట్ట. గంటకోసారి ఎవరు వెళ్ళి చూస్తారో పేరు రాసి తలుపు వెనక అంటించండి.

తాగునీళ్ళ విషయంలో ఎండ కాలమైతే మనిషికి 2 లీటర్లకు తగ్గకుండా చూసుకోవాలి. బావి నీళ్ళో బోరు నీళ్ళో తాగడానికి ఇవ్వాలనుకుంటే నెల ముందే పరీక్ష చేయించండి. ఇంట్లోవాళ్ళకి అలవాటైన నీళ్ళు వచ్చినవాళ్ళ కడుపుకి పడాలని లేదు.

డ్రమ్ము ఎక్కడ పెడతారన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. నేలమీద పెడితే కుళాయి కింద గ్లాసు పట్టదు, జనం డ్రమ్ము వంచుతారు, నీళ్ళు ఒలుకుతాయి, అరగంటలో అక్కడ బురద, ఆ బురద చెప్పులకు అంటుకుని టెంటంతా. గట్టి బల్లమీద, కుళాయి బల్ల అంచు దాటి ముందుకు వచ్చేలా పెట్టి, దాని కింద బకెట్టు, బకెట్టు చుట్టూ అడుగు మందాన ఇసుకో కంకరో పోస్తే ఆ గొడవే లేదు. చేతులు కడుక్కునే చోటూ ఇదే పద్ధతి, కాకపోతే తాగే నీళ్ళకి కనీసం పది అడుగుల ఎడంగా.

4. కరెంటు లెక్క కాగితం మీద వెయ్యండి

దీపాలు వేలాడదీశాక కాదు, కొనకముందే లెక్క. ప్రతి వస్తువు మీదా వాట్లు రాసి ఉంటాయి. అన్నీ కూడండి. 230 వోల్టుల సరఫరాలో 16 ఆంపియర్ల ప్లగ్గు మోయగలిగేది దాదాపు 3,680 వాట్లు. నీళ్ళు కాచే ఎలక్ట్రిక్ కెటిల్ ఒక్కటే 2,000 వాట్లు లాగేస్తుంది. ఎల్‌ఈడీ సీరియల్ లైట్లు ఎన్ని పెట్టినా పెద్దగా లాగవు. పెళ్ళిలో ఫ్యూజు కొట్టేసేది ఎప్పుడూ దీపాలు కాదు, వంటింటి వస్తువులే. కాబట్టి వంట లైను, మైకు లైను, దీపాల లైను వేర్వేరు సర్క్యూట్ల మీద ఉండాలి. వంటింట్లో ఎవరో కెటిల్ పెట్టగానే పెళ్ళి ప్రమాణాల మధ్యలో మైకు ఆగిపోకూడదు.

చుట్టకి చుట్టి ఉన్న కేబుల్ రీలుని అలాగే వాడకండి. చుట్టలో వేడి బయటికి పోదు, ప్లాస్టిక్ కరుగుతుంది. పూర్తిగా విప్పి పరచాలి. ఆరుబయట వాడే ప్రతి లైనుకీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చి ఉండేలా ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి. తడి గడ్డిమీద ఎవరికైనా షాకు తగిలే సందర్భం వస్తే రెప్పపాటులో లైను కట్ చేసేది అదే. ఎక్స్‌టెన్షన్ బోర్డులు నేలమీద కాకుండా ఇటుకల మీదో స్టూలు మీదో ఉంచి, పైన వాన పడకుండా మూత పెట్టాలి. నడిచే దారికి అడ్డంగా వైరు వెయ్యాల్సి వస్తే తలకి తగలనంత ఎత్తులో వేలాడదియ్యడం మేలు.

జనరేటర్ తెస్తే అది ఇంటికి, టెంటుకి కనీసం 6 మీటర్ల దూరంలో, పొగ జనం వైపు రాకుండా ఉండాలి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. వాన వస్తోందని వరండాలోకో కొట్టంలోకో లాగి నడిపితే ప్రాణాలు పోతాయి. ఇంధనం నింపాలంటే ఆపి, చల్లారాకే. లోడు దాని సామర్థ్యంలో నాలుగింట మూడొంతులు దాటకుండా చూసుకుంటే మొరాయించదు. పెళ్ళికి ముందురోజు సాయంత్రం అన్నీ ఒకేసారి వేసి గంటసేపు నడపండి. ఆ గంటలో ఆగనిది మర్నాడూ దాదాపు ఆగదు.

5. టెంటు, గాలి, వాన

"ఆ రోజు వాన పడదులే" అన్నది ఏర్పాటు కాదు, కోరిక. వాన పడితే తంతు ఎక్కడ, భోజనాలు ఎక్కడ, నిర్ణయం ఎన్ని గంటలకి, చెప్పేది ఎవరు? ఈ నాలుగూ ముందే రాసిపెట్టుకోవాలి. నిర్ణయం చెప్పే మనిషి పెళ్ళిజంట కాకూడదు. వాళ్ళు చివరి నిమిషం దాకా ఆకాశం వంక ఆశగా చూస్తూనే ఉంటారు.

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 6 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల పొడవు ఉన్న టెంటు పైకప్పు 72 చదరపు మీటర్లు. అరగంటలో 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే 720 లీటర్లు టెంటు అంచుల నుంచి కారి ఎక్కడో ఒకచోటికి పోవాలి. చుట్టూ జానెడు లోతున చిన్న కాలువ తవ్వి పల్లం వైపు మళ్ళిస్తే కుర్చీల కిందికి రాదు. పైగుడ్డ ఎక్కడైనా పొట్టలా కిందికి దిగితే అక్కడ నీళ్ళు నిలుస్తాయి. నిలిచిన నీటి బరువుకి స్తంభాలే వంగుతాయి. మెత్తటి గుడ్డ చుట్టిన కర్రతో లోపలి నుంచి పైకి నెట్టి పారబోసే మనిషి ఒకరు ఉండాలి.

గాలిని చెట్ల దగ్గర చదవొచ్చు. 1805లో ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ అనే నావికాధికారి మొదలుపెట్టిన కొలమానం ఇప్పటికీ పనికొస్తుంది. దుమ్ము, కాగితాలు లేస్తూ చిన్న కొమ్మలు కదులుతుంటే గాలి గంటకు 20 నుంచి 28 కిలోమీటర్లు. ఆకులతో ఉన్న చిన్న చెట్లు మొత్తంగా ఊగుతుంటే 29 నుంచి 38. అక్కడికి రాగానే మడత టెంట్లు దించెయ్యాలి. పెద్ద కొమ్మలు కదులుతూ గొడుగు పట్టుకోవడం కష్టమైతే 39 నుంచి 49. ఆ గాలిలో ఏ గుడ్డ కిందా జనం ఉండకూడదు. పెద్ద టెంటుని వేసినవాళ్ళనే అది ఎంత గాలికి తట్టుకుంటుందో అడిగి, ఆ అంకె రాసుకోండి.

మెరుపు కనిపించాక ఉరుము వినబడేలోపు 30 లెక్కపెట్టలేకపోతే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. టెంటు, చెట్టు కింద రక్షణ లేదు. గట్టి ఇల్లు, లేదా అద్దాలు మూసిన ఇనుప కప్పు కారు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటికి రావాలి.

6. వంట: ఇక్కడ నిదానమే ప్రధానం

ఇంటి వంట అంటే ప్రేమ ఉంటుంది, ప్రమాదమూ ఉంటుంది. పదిమందికి అద్భుతంగా వండే చెయ్యి వందమందికి వండేటప్పుడు తడబడటంలో వింత లేదు. పాత్ర పెద్దదయ్యేకొద్దీ లెక్కలు మారతాయి. పదింతలు పదార్థానికి పదింతలు నీళ్ళు పోస్తే జావయిపోతుంది, ఎందుకంటే లోతైన పాత్రలో ఆవిరయ్యే నీళ్ళ వాటా తక్కువ. ఉప్పు, కారం లెక్కలో నాలుగింట మూడొంతులు వేసి రుచి చూశాక పెంచుకోవాలి. మరగడానికి పట్టే సమయం మాత్రం అనుకున్నదానికంటే చాలా ఎక్కువ. అడుగంటడమూ అంతే.

అందుకే నెల ముందు ఒకసారి అసలు పాత్రలో, అసలు పొయ్యి మీద, ఇరవై ముప్ఫైమందికైనా వండి చూడండి. వచ్చినవాళ్ళు తిన్నదీ మిగిల్చిందీ తూకం వేసి మనిషికి ఎంత పడిందో రాసుకుంటే, ఏ పుస్తకం చెప్పే అంకెకన్నా అదే నిజం. వంటకాల సంఖ్య తగ్గించమని పెళ్ళిజంటకి నచ్చజెప్పడం కూడా స్నేహితుల పనే. నాలుగు వంటకాలు వేడిగా, సమృద్ధిగా ఉంటే పన్నెండు చల్లారిన వాటిని ఎవరూ తలుచుకోరు. అందులో సగమైనా చల్లగా తినగలిగేవి, ముందురోజే చేసుకోగలిగేవి అయితే ఉదయం వంటింట్లో అరుపులు ఉండవు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో విడుదల చేసిన అయిదు సూత్రాలని వంటింటి గోడకి అంటించండి: శుభ్రత, పచ్చివీ వండినవీ వేరుగా, లోపలిదాకా ఉడకడం, సరైన ఉష్ణోగ్రత, సురక్షితమైన నీరు. అంకెలు గుర్తుంచుకోవడం తేలికే. లోపల 70 డిగ్రీలు చేరాలి. వేడిగా వడ్డించేది 60 డిగ్రీల పైన, చల్లగా దాచేది 5 డిగ్రీల లోపు. ఈ రెంటి మధ్యా రెండు గంటలకు మించి వదలకూడదు. గుచ్చి చూసే థర్మామీటరు ఒకటి కొనండి. పెళ్ళిలో పెట్టే ఖర్చుల్లో దానంత చవకైన ధీమా ఇంకోటి లేదు.

మోసం చేసేది అన్నం. ఉడికిన అన్నంలో కూడా బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు బతికే ఉంటాయి. పెద్ద పాత్రలో గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం వదులుతాయి. మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. ముందురోజు వండి దాచాలనుకునేది ఏదైనా వెంటనే వెడల్పు పళ్ళేల్లో రెండంగుళాల మందానికి మించకుండా పరచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇంటి ఫ్రిజ్ వందమంది వంటకి చాలదు, వేడి పాత్ర పెడితే లోపలున్నవన్నీ వెచ్చబడతాయి. ఐసు పెట్టెలు అద్దెకి తెచ్చుకోవాలి, తాగేవాటికి వాడే ఐసు వేరు, పెట్టెల్లో చల్లదనానికి పోసే ఐసు వేరు.

వాంతులో విరేచనాలో అయినవాళ్ళు ఎంత దగ్గరివాళ్ళయినా, తగ్గి రెండు రోజులు గడిచేదాకా వంటింట్లోకి రాకూడదు. ఈ మాట మొహమాటం లేకుండా చెప్పే మనిషినే వంట యజమానిగా పెట్టుకోండి.

వడ్డన దగ్గర ఒక చిన్న లెక్క. బల్ల దగ్గర ఒక్కొక్కరికి 20 సెకన్లు పడితే వందమందికి అరగంట దాటుతుంది. బల్లని గోడకి ఆనించకుండా మధ్యలో పెట్టి రెండు వైపులా అవే పాత్రలు సర్దితే పావుగంట. పళ్ళేలు మొదట్లో, చెంచాలూ కాగితాలూ చివర్లో. నీళ్ళు వేరే బల్ల మీద, లేదంటే అక్కడే ఆగిపోతారు. వేరుశెనగ, పాలు, గుడ్లు, గోధుమ వంటివి పడనివాళ్ళ కోసం ప్రతి పాత్ర ముందూ అందులో ఏమున్నాయో పెద్ద అక్షరాలతో చీటీ పెట్టండి. గరిటె ఒక పాత్రలోంచి ఇంకోదాంట్లోకి పోకుండా ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.

వండి వడ్డించినవాళ్ళకి పళ్ళెంలో అన్నం పెట్టి కూర్చోబెట్టే బాధ్యత ఎవరిదో ముందే రాయండి. మర్చిపోతారు, ప్రతి పెళ్ళిలోనూ మర్చిపోతారు.

7. కుర్చీలు, బల్లలు

ఒకటిన్నర మీటరు వ్యాసం ఉన్న గుండ్రటి బల్లకి ఎనిమిదిమంది. 1.8 మీటర్ల పొడవు బల్లకి ఆరుగురు హాయిగా, ఎనిమిదిమంది సర్దుకుని. బల్లకీ బల్లకీ మధ్య ఒకటిన్నర మీటరు వదిలితే కుర్చీలో మనిషి ఉండగా వెనక ఇంకొకరు పళ్ళెంతో నడవగలరు. నేల మెత్తగా ఉంటే సన్న కాళ్ళ కుర్చీలు దిగబడతాయి. కాళ్ళ కింద చెక్క ముక్కలు సరిపోతాయి. కుర్చీలు అతిథులకన్నా పదో వంతు ఎక్కువ తెప్పించండి.

8. దారి, బండ్లు

పల్లె దారిలో ఫోను మ్యాపు పట్టుకుని వచ్చేవాళ్ళు సగంమంది ఎవరి చేలోనో తేలతారు. ఇంటి గేటుని మ్యాపులో గుర్తు పెట్టి ఆ లింకు పంపండి, దాంతోపాటు నాలుగు ముక్కల్లో దారి కూడా రాయండి, ఎందుకంటే చివరి మలుపు దగ్గర సిగ్నల్ ఉండదు. మలుపుకి ముందు ఒక బోర్డు, మలుపులో ఒకటి. రాత్రి తిరిగి వెళ్ళేవాళ్ళకి కనిపించేలా వెనకవైపూ రాయాలి.

ఒక్కో కారుకి, తిరిగే జాగాతో కలిపి, 25 చదరపు మీటర్లు. నలభై కార్లంటే 1,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు పావు ఎకరం. ఎండిన పొడవు గడ్డిలో బండి ఆపనివ్వకండి, వేడెక్కిన పొగగొట్టం తగిలి మంట రేగుతుంది. అంబులెన్సు లోపలిదాకా వచ్చి తిరగగలిగే ఒక దారిని ఎవరూ అడ్డుకోకుండా ఖాళీగా ఉంచాలి. వానకి దిగబడే నేలైతే పక్క రైతుతో ట్రాక్టరు మాట ముందే మాట్లాడి పెట్టుకోండి. ఇరుగుపొరుగుకి పాటలు ఎన్నింటిదాకా వినిపిస్తాయో మీరే వెళ్ళి చెప్పాలి. పిలుపు అందిన పొరుగింటివాళ్ళు రాత్రి పది దాటాక కూడా కోపం తెచ్చుకోరు.

9. పూలు, వెలుగు, మైకు

పూలు తెల్లవారుజామునో పొద్దువాలాకో కొయ్యాలి. కాడ చివర ఏటవాలుగా కత్తిరించి, నీళ్ళలో మునిగే ఆకులు తీసేసి, లోతు బకెట్లో రాత్రంతా చీకటి గదిలో ఉంచితే మర్నాడంతా నిలుస్తాయి. ఆ గదిలో పండ్లు ఉండకూడదు. మగ్గే పండు వదిలే ఇథిలీన్ వాయువుకి పూలు ముందే వాడతాయి. గన్నేరులాంటి విషపు మొక్కలు భోజనాల బల్ల మీదకి రాకుండా చూసుకోండి, ఎంత అందంగా ఉన్నా సరే.

కొనకుండా దొరికే వెలుగు ఒకటుంది. తేదీ ఇంకా ఖాయం కాకపోతే పౌర్ణమి చూసుకోండి. ఆ రోజు పొద్దు గుంకే వేళకే చంద్రుడు లేస్తాడు, రాత్రంతా ఉంటాడు. మబ్బు పట్టకపోతే పార్కింగ్ దాకా దారి కనిపిస్తుంది. కొవ్వొత్తులు పెడితే గాజు గ్లాసుల్లోనే, గుడ్డలకీ గడ్డికీ దూరంగా. వంట దగ్గర ఒకటి, టెంటు దగ్గర ఒకటి మంటలార్పే సిలిండర్లు ఉండాలి. వాటిని వాడటం తెలిసిన మనిషి కూడా అక్కడే ఉండాలి.

మైకులో కొత్త బ్యాటరీలు, జేబులో ఇంకో జత. పాటలు ఫోనులోకి ముందే దింపుకోవాలి, ఇంటర్నెట్‌ని నమ్ముకోవద్దు.

10. ముందురోజు, పెళ్ళిరోజు

ముందురోజు సాయంత్రానికి వంట తప్ప అన్నీ అయిపోవాలి. కాకపోతే మిగిలినవాటిలో సగం కొట్టెయ్యండి. రాత్రి రెండింటిదాకా తోరణాలు కట్టిన స్నేహితులు మర్నాడు చిరాకు పడతారు, ఆ తోరణాల్ని మాత్రం ఎవరూ లెక్కపెట్టరు.

పెద్దదిక్కు దగ్గర ఒక పెట్టె ఉండాలి: కత్తెర, టేపు, సూదీ దారం, పిన్నీసులు, కేబుల్ టైలు, మార్కర్ పెన్ను, టార్చి, బ్యాటరీలు, తలనొప్పి మాత్రలు, బ్యాండేజీలు, చిల్లర డబ్బు, తువ్వాలు, తాళం చెవులు. ప్రతి చెవికీ ఏ గదిదో రాసిన చీటీ కట్టండి. పెట్టె మూత లోపల దగ్గరి ఆసుపత్రి పేరు, అత్యవసర నంబరు, ఇల్లు ఎక్కడుందో ఫోనులో చెప్పడానికి వీలుగా రెండు వాక్యాలు అంటించండి. కంగారులో సొంత ఊరి పేరు కూడా నోటికి రాదు.

రోజు పట్టికలో ప్రతి పనికీ అరగంట అదనంగా వదలండి. తంతుకీ భోజనానికీ మధ్య మాత్రం గంటకు మించి జనాన్ని ఆకలితో కూర్చోబెట్టొద్దు. జంటకి వేరే గదిలో పావుగంట ఏకాంతం, ఒక పళ్ళెం భోజనం మీరే పట్టుకెళ్ళి ఇవ్వండి, తలుపు బయట ఒకరు నిలబడండి. లేకపోతే సొంత పెళ్ళి భోజనం వాళ్ళు తినరు.

ఏదో ఒకటి తప్పుతుంది. కుర్చీలు ఆలస్యమవుతాయి, ఓ వంటకం మాడుతుంది. వాళ్ళకి చెప్పాలా వద్దా అంటే, వాళ్ళు మాత్రమే తేల్చగలిగిందైతే చెప్పాలి, లేకపోతే పది రోజుల తర్వాత నవ్వుతూ చెప్పాలి.

11. మర్నాడు

సాయానికి మాటిచ్చేవాళ్ళు ముందురోజుకి యాభైమంది దొరుకుతారు, మర్నాటికి నలుగురు. కాబట్టి మర్నాటి జట్టు వేరుగా ఉండాలి, రాత్రి త్వరగా పడుకునేవాళ్ళతో. జంట, వాళ్ళ తల్లిదండ్రులు అందులో ఉండకూడదు.

మిగిలిన వంటల్లో రెండు గంటలు బయట ఉన్నవి ఎవరికీ పంచకండి. చల్లగా దాచినవే పంచాలి. టెంటు గుడ్డ తడిగా ఉంటే మడవకండి, బూజు పడుతుంది, కట్టిన అడ్వాన్సు తిరిగి రాదు. ఎండలో పరచి ఆరాకే కట్ట కట్టాలి. మంట పెట్టిన చోట బూడిదలో నీళ్ళు పోసి, కలిపి, చేతికి చల్లగా తగిలేదాకా మళ్ళీ పోయాలి. గడ్డిలో పడ్డ పిన్నీసులు, మేకులు, గాజు ముక్కల కోసం వరసగా నడిచి వెతకండి. పశువులు మేసే నేలైతే కేబుల్ టై ముక్క, ప్లాస్టిక్ సంచి కూడా ప్రాణం మీదికి తెస్తాయి. అద్దెకి తెచ్చినవి తీసుకున్నప్పుడు తీసిన ఫొటోలతో సరిచూసి, లెక్కపెట్టి, అవతలివాళ్ళ సంతకం తీసుకుని అప్పజెప్పండి.

దొరికిన కళ్ళజోళ్ళు, చార్జర్లు, ఒంటి చెవిపోగులు ఒకే డబ్బాలో వేసి ఫొటో తీసి అందరికీ పంపితే మూడొంతులు సొంతదారుల్ని చేరతాయి. చివరి పని నోటు పుస్తకం. రసీదులు వరసగా అంటించి, వెనక్కి వచ్చిన అడ్వాన్సులు కలిపి, ఎవరికెంత ఇవ్వాలో ఒక్క పేజీలో రాసి, మిగిలిన డబ్బుతో సహా వారంలోపు జంట చేతిలో పెట్టండి.